బూడిద ఎత్తేవాళ్ళ మాట

చలికాలం మొదలైతే చాలు, మన తెలుగు వాట్సాప్ గ్రూపుల్లో మంటల ఫొటోలు మొదలవుతాయి. బయట మంచు, లోపల ఎర్రగా మండుతున్న ఫైర్‌ప్లేస్, దాని ముందు కాఫీ కప్పు, ఉన్ని సాక్సులు వేసుకున్న రెండు కాళ్ళు. కింద వరసగా గుండె బొమ్మలు. బాగుంటుంది, కాదనను. కానీ నేను అమెరికా వచ్చిన ఇన్నేళ్ళలో ఒక్కరు కూడా బూడిద బకెట్ ఫొటో పెట్టగా చూడలేదు. ఇవాళ రాస్తున్నది ఆ బకెట్ గురించి.

నా వాదన ముందే చెప్పేస్తాను, తర్వాత తిట్టుకుంటే తిట్టుకోండి. కట్టెల ఫైర్‌ప్లేస్ వెలిగించేది ఒకరు, శుభ్రం చేసేది ఇంకొకరు అయిన ఇంట్లో ఆ ఫైర్‌ప్లేస్ వాడకూడదు. వెలిగించేవాళ్ళే బూడిద ఎత్తాలి. అది కుదరదంటే, బూడిద ఎత్తేవాళ్ళు వద్దన్న రోజు ఆ ఇంట్లో ఎవరూ అగ్గిపుల్ల గీయకూడదు. చాకిరీ లెక్కలు మన ఇళ్ళల్లో ఎప్పుడూ ఉన్నవే, ఆ గొడవ ఇంకోరోజు పెట్టుకుందాం. ఇది ఇల్లు తగలబడే సంగతి.

మేముండేది న్యూహాంప్‌షైర్‌లో. ఇక్కడ కట్టెల మంట ఒట్టి సరదా కాదు, అవసరం కూడా. 2008 డిసెంబర్‌లో వచ్చిన ఐస్ తుఫానుకి కొన్ని ఊళ్ళలో రెండు వారాల దాకా కరెంటు లేదు. ఆ రోజుల కథలు ఇక్కడివాళ్ళు ఇప్పటికీ చెప్పుకుంటారు. హీటింగ్ ఆయిల్ బిల్లు సంగతి సరేసరి. అందుకని పాత ఇటుకల ఫైర్‌ప్లేస్ లోపల ఇన్‌సర్ట్ అని ఒకటి పెట్టించుకుంటారు. చూడనివాళ్ళ కోసం చెప్తాను. అదొక పెద్ద ఇనప పెట్టె. ముందు గాజు తలుపు, పైన చిమ్నీ లోపలి నుంచి కొస దాకా వెళ్ళే స్టీలు గొట్టం. ఆ గొట్టాన్ని లైనర్ అంటారు. తలుపు లేని పాత ఫైర్‌ప్లేస్ గదిలో ఉన్న వెచ్చటి గాలిని కూడా లాగి ఆకాశంలో పారబోస్తుంది. ఇన్‌సర్ట్ అలా కాదు, తక్కువ కట్టెతో ఇల్లంతా కాస్తుంది. నేను దానికి శత్రువుని కాను. దాని ముందు కూర్చుని చిక్కుళ్ళు ఒలుచుకునే సుఖం నాకూ తెలుసు.

అయితే పని ఎలా పంచుకున్నామో చూడండి. కట్టెలు బేరం చేసేది మగవాళ్ళు. యూట్యూబ్ చూసి గొడ్డలి కొనేది వాళ్ళే (ఒక్క కట్టె కొట్టకముందే దాని పిడికి నూనె రాసేదీ వాళ్ళే). పేర్చేది, వెలిగించేది, చుట్టాలొస్తే గాజు తలుపు ముందు నిలబడి అది ఎలా పనిచేస్తుందో ఉపన్యాసం ఇచ్చేదీ వాళ్ళే. మర్నాడు పొద్దున్న తొమ్మిదింటికి వాళ్ళకి మీటింగు ఉంటుంది. గాజు మీద మసి, కార్పెట్ మీద బెరడు ముక్కలు, దేవుడి గూట్లో పటాల మీద కూడా పడిన సన్నటి బూడిద దుమ్ము, ఇవన్నీ ‘ఇల్లు సర్దుకోవడం’ ఖాతాలోకి పోతాయి. ఆ ఖాతా ఎవరిదో మీకు చెప్పక్కర్లేదు.

అసలు చిక్కు ఇక్కడే ఉంది. పొయ్యి బాగుందా లేదా అన్న సమాచారమంతా శుభ్రం చేసే మనిషి చేతికే తగులుతుంది. గాజు తలుపు లేత గోధుమరంగు పొరతో ఉంటే తడిగుడ్డతో పోతుంది. నల్లగా జిగటగా పట్టిందంటే కట్టె పచ్చిదని, లేదా గాలి సరిగ్గా అందలేదని అర్థం. గాజు మీద కళ్ళకి కనిపించిందే కంటికి కనపడని గొట్టం లోపల కూడా పడుతుంది. గాజు ఒక మూల మాత్రమే పదే పదే నల్లబడుతోందంటే తలుపు చుట్టూ ఉండే తాడు, గాస్కెట్ అంటారు, అరిగిందేమో చూడాలి. చల్లారాక తలుపు సందులో కాగితం పెట్టి మూసి లాగండి. సులువుగా ఊడొచ్చిందా, అక్కడ పట్టు పోయినట్టే. ఇవన్నీ గుడ్డ పట్టుకున్న మనిషికి తెలుస్తాయి. రాత్రి ఎన్ని కట్టెలు వెయ్యాలో, గాలి మీట ఎంత తెరవాలో నిర్ణయించే మనిషికి తెలియవు. ఒకరికి తెలుస్తుంది, ఇంకొకరు నిర్ణయిస్తారు. మన ఇళ్ళల్లో ఇంకే వస్తువుతోనైనా ఇలా చేస్తే మహా అయితే కూర మాడుతుంది.

క్రియోసోట్ గురించి కొంచెం ఓపిగ్గా చదవండి. కట్టె పూర్తిగా మండకపోతే ఆ పొగలో తారు, ఆవిరి మిగిలిపోతాయి. ఆ పొగ పైకెళ్ళి చల్లటి గొట్టం గోడలకి తగిలి, ఉడుకుతున్న గిన్నె మూతకి ఆవిరి పట్టినట్టు, అక్కడే పేరుకుంటుంది. మొదట పొడి మసిలా ఉంటుంది, బ్రష్షుతో రాలిపోతుంది. పట్టించుకోకపోతే మెరిసే నల్ల పెచ్చులవుతుంది. ఇంకా వదిలేస్తే ముదిరిన బెల్లప్పాకం గిన్నెకి అతుక్కున్నట్టు గట్టిపడి గాజులా మెరుస్తుంది. ఈ మూడో దశకి వచ్చాక మామూలు బ్రష్షు పనిచేయదు. చిమ్నీ పనివాళ్ళు చెప్పే లెక్క ఏమిటంటే, అంగుళంలో ఎనిమిదో వంతు మందం పేరుకుందంటే ఇక ఆగకూడదు. మూడు మిల్లీమీటర్లు. మన దిబ్బరొట్టె మీద పెచ్చంత కూడా ఉండదు. ఆ పొర అంటుకుంటే లోపల వేడి రెండు వేల డిగ్రీల ఫారెన్‌హీట్ దాటొచ్చు. ఇటుకల చిమ్నీలో ఉండే మట్టి గొట్టాలు ఆ దెబ్బకి పగులుతాయి. ఆ పగుళ్ళ వెనకే ఇంటి చెక్కలు ఉంటాయి.

మా ఊళ్ళోనే ఒక తెలుగువారింట్లో అయింది. పేరు చెప్పను. ఆరేళ్ళు చిమ్నీ ముట్టుకోలేదు. “మాదేం పొగ రాదు, బ్రహ్మాండంగా మండుతుంది” అనేవాడు ఆయన. ఒక శనివారం రాత్రి చిమ్నీలోంచి రైలు వస్తున్నట్టు హోరు. పిల్లల్ని దుప్పట్లతో సహా మంచులోకి లాక్కొచ్చి నిలబడ్డారు. ఫైర్ ఇంజన్ తొందరగా వచ్చింది కాబట్టి ఇల్లు మిగిలింది. తర్వాత ఇన్సూరెన్స్ వాళ్ళు మొదట అడిగిన ప్రశ్న, ఆఖరిసారి చిమ్నీ ఎప్పుడు శుభ్రం చేయించారు అని. ఆవిడ నాతో ఇంకో మాట చెప్పింది. ఆ చలికాలమంతా గాజు రోజూ నల్లబడుతోందని, తుడవలేక చేతులు పడిపోతున్నాయని ఆయనతో మూడు నాలుగు సార్లు అందట. “మంచి క్లీనర్ కొనుక్కో” అన్నాడట ఆయన. ఆవిడ చెప్పింది ప్రమాద సూచన, ఆయన విన్నది ఇంటిపని ఫిర్యాదు.

ఈ క్రియోసోట్‌ని పెంచి పోషించే అలవాట్లు మన ఇళ్ళల్లో రెండు. రాత్రి పడుకోబోయే ముందు పెట్టె నిండా కట్టెలు కూరి, తెల్లారేదాకా రావాలని గాలి మీట పూర్తిగా మూసేయడం ఒకటి. పొదుపు అనుకుంటాం. మంట చచ్చి, కట్టె కుమిలి కుమిలి పొగ కక్కుతుంది. రాత్రంతా తారు వండుతున్నట్టే. రెండోది పచ్చి కట్టె. కొత్తగా నరికిన చెట్టులో, కొన్ని రకాలకైతే, బరువులో సగం దాకా నీళ్ళే. ఆ నీళ్ళు మరగడానికే వేడంతా పోతుంది. తేమ నూటికి ఇరవై పాళ్ళ లోపు ఉండాలి. ఓక్ లాంటి గట్టి కట్టె చీల్చి, పేర్చి, గాలి తగలనిస్తే ఆ స్థితికి రావడానికి రెండు ఎండాకాలాలు కూడా పట్టొచ్చు. ట్రక్కులో తెచ్చి వాకిట్లో దింపేవాడు “బాగా ఎండిందండీ” అంటాడు, అంటాడు కదా మరి. తేమ కొలిచే మీటర్ ఒక చీర ఫాల్ కుట్టించిన ఖర్చుకి దొరుకుతుంది. కట్టెని అప్పటికప్పుడు చీల్చి, ఆ కొత్త ముఖం మీద గుచ్చి చూడాలి. పైపైన గుచ్చితే ఎప్పుడూ ఎండిందనే చూపిస్తుంది. మా ఇంట్లో ఆ మీటర్ నా పోపుల పెట్టె పక్కన ఉంటుంది. అడిగి తీసుకెళ్ళాలి.

ఇప్పుడు బూడిద. ‘నివురుగప్పిన నిప్పు’ అనే మాట మన భాషలో ఊరికే పుట్టలేదు. మా అమ్మమ్మ దాలిగుంటలో పిడకల నిప్పు మీద బూడిద కప్పి వదిలేసేది, మర్నాడు పొద్దున్న కెలికితే ఎర్రగా కళ్ళు తెరిచేది. అగ్గిపెట్టె ఆదా. బూడిద చల్లగా కనిపిస్తూ లోపల రోజుల తరబడి నిప్పుని దాస్తుందని మనకంటే బాగా తెలిసినవాళ్ళు ఉన్నారా? అలాంటిది ఇక్కడికొచ్చి కాస్ట్‌కో కాగితం సంచుల్లో, అట్టపెట్టెల్లో బూడిద పోసి గరాజ్‌లో పెడుతున్నాం. చెక్క డెక్ మీద పెడుతున్నాం. కొందరు మామూలు వాక్యూమ్ క్లీనర్‌తో లాగేస్తున్నారు. 2011 క్రిస్మస్ రోజు తెల్లవారుజామున కనెక్టికట్‌లోని స్టామ్‌ఫర్డ్‌లో ఒక ఇల్లు కాలిపోయి ముగ్గురు ఆడపిల్లలు, వాళ్ళతో పాటు అమ్మమ్మ, తాతయ్య చనిపోయారు. ఫైర్‌ప్లేస్‌లోంచి తీసి ఇంటి వెనక వైపు పెట్టిన బూడిద, నిప్పుకణికల వల్లే అని అధికారులు చెప్పారు. అది చదివాక నాకు అట్టపెట్టెలో బూడిద కనిపిస్తే చాలు, ఎవరిల్లయినా సరే మొహమాటం లేకుండా బయటికి పంపించేస్తాను.

బిగుతు మూత ఉన్న ఇనప బకెట్ కావాలి. అది ఇంటికి కనీసం పది అడుగుల దూరంలో, నేల మీదో రాతి మీదో ఉండాలి. అందులో రోజుల తరబడి ఆగాకే ఎక్కడైనా పారబోయాలి. అంతే. చలికాలంలో పొయ్యిలో అంగుళం మందం బూడిద వదిలేయొచ్చు, నిప్పు నిలవడానికి పనికొస్తుంది. సీజన్ అయ్యాక మాత్రం మొత్తం తీసేయాలి, ఎండాకాలం చెమ్మకి అది ఇనుముని తినేస్తుంది. బాగా చల్లారిన ఒట్టి కట్టె బూడిద కొంచెం చిక్కుడు పాదుకి చల్లుకోవచ్చు, అది మన అమ్మల కాలం నుంచీ ఉన్నదే.

భోగి సంగతి చెప్పకపోతే ఈ గొడవ పూర్తవదు. జనవరి నడిచలిలో బయట మంట వెయ్యలేమని, ఫైర్‌ప్లేస్‌లోనే భోగి కానిచ్చేస్తున్న ఇళ్ళు చాలా ఉన్నాయి. పిల్లలకి పండగ తెలియాలి, ఒప్పుకుంటాను. కానీ అందులో వేస్తున్నదేమిటి? క్రిస్మస్‌కి మిగిలిన రంగుల కాగితాలు, అమెజాన్ అట్టపెట్టెలు, రంగు వేసిన విరిగిన కుర్చీ కాలు, ఆన్‌లైన్‌లో తెప్పించిన పిడకల దండ. గిఫ్టులకి చుట్టే కాగితం భగ్గున లేచి, మండుతున్న తునకలు చిమ్నీ పైకి ఎగురుతాయి. సీజన్ సగం అయ్యేసరికి అక్కడ క్రియోసోట్ ఎదురుచూస్తూ ఉంటుంది. పెయింటు వేసిన చెక్క, పురుగు పట్టకుండా మందు పట్టించిన పాత డెక్ చెక్క కాలిస్తే విషం పీల్చినట్టే. పాత మందు చెక్కల్లో ఆర్సెనిక్ ఉండేది. పాత సామాను తగలబెట్టి పీడ వదిలించుకునే పండగ అది, ఇంట్లోకి తెచ్చుకునేది కాదు. ఊరి ఫైర్ డిపార్ట్‌మెంట్‌ని అడిగి పెరట్లో చిన్న మంట వేయండి, లేదా నాలుగు ఎండు కట్టెలతో సరిపెట్టండి. పిల్లల నెత్తిన భోగిపళ్ళు పోస్తే పండగ వచ్చినట్టే.

ఇంత చెప్తే వచ్చే జవాబు నాకు తెలుసు. “మన అమ్మమ్మలు జన్మంతా కట్టెల పొయ్యి మీద వండారు, ఏ చిమ్నీ స్వీప్‌ని పిలిచారు?” అత్తయ్యగారు ఇక్కడికి వచ్చినప్పుడు ఆవిడ కూడా అన్నారు, కాకపోతే నవ్వుతూ. అమ్మమ్మల వంటింటికి చిమ్నీ లేదు, పేరుకోవడానికి గొట్టమే లేదు. పొగంతా పెంకుల సందుల్లోంచి పోయేది, పోనిది వాళ్ళ కళ్ళల్లోకి, ఊపిరితిత్తుల్లోకి పోయేది. వెదురు గొట్టంతో ఊది ఊది దగ్గుతూ బతికారు. అదొక ఆదర్శం అని ఎవరన్నా అంటే, ఆ గొట్టం వాళ్ళ చేతికే ఇచ్చి ఒక వారం ఊదమనాలి. ఇంకో సంగతి, అమ్మమ్మలు శుభ్రం చేయలేదని ఎవరన్నారు? రోజూ తెల్లవారుజామున బూడిద తీసి, పొయ్యి అలికి, ముగ్గు పెట్టి కానీ వెలిగించేవారు కాదు. ఎన్ని వేల రోజులు చేశారో ఆ పని! పనిగా ఎవరూ చూడలేదు కాబట్టి అసలు జరగనే లేదనుకుంటున్నాం. పైగా ఆ పొయ్యి ఎప్పుడు రాజెయ్యాలో, ఎప్పుడు ఆర్పాలో ఆవిడే చెప్పేది. శుభ్రం చేసిన చెయ్యీ వెలిగించిన చెయ్యీ ఒకటే. నేను అడుగుతున్నది కూడా అదే కదా.

రెండో జవాబు, క్రియోసోట్ పోగొట్టే దుంగలు అమ్ముతారు కదా, ఒకటి కాలిస్తే పోలేదా అని. అవి మసిని కాస్త పెళుసుగా చేస్తాయేమో కానీ బ్రష్షు పెట్టి దులపడానికి బదులు కావు. పెళుసైన మసి రాలి ఎక్కడ పడుతుంది? ఇన్‌సర్ట్ లోపల పైభాగంలో బ్యాఫిల్ అనే పలక ఉంటుంది, దాని మీద పడి దారి మూసేస్తుంది. చిమ్నీ కొసన టోపీకి ఉండే జాలీ కూడా ఇలాగే పూడుకుంటుంది. దారి మూసుకుంటే పొగ గదిలోకి వస్తుంది, దాంతో పాటు వాసన లేని కార్బన్ మోనాక్సైడ్ కూడా. ఆ అలారం ప్రతి అంతస్తులోనూ ఉండాలని వేరే చెప్పాలా?

మూడోది డబ్బు. ఏడాదికి ఒకసారైనా చిమ్నీ తనిఖీ చేయించాలని ఇక్కడి నేషనల్ ఫైర్ ప్రొటెక్షన్ అసోసియేషన్ వాళ్ళ 211వ నంబరు ప్రమాణంలో ఉంది. మా వైపు రెండు మూడు వందల డాలర్లవుతుంది. ఆ గొడ్డలి, కట్టెలు పేర్చే ఇనప స్టాండు, నిప్పు కెలికే ఇత్తడి సామాను సెట్టు అన్నీ కలిపితే అంతకంటే ఎక్కువే అయింది, అప్పుడు ఎవరూ నోరెత్తలేదు.

అన్నట్టు, ఆ పైసల కోసం మీరే చున్నీ ముక్కుకి కట్టుకుని చిమ్నీలో తల పెట్టకండి. పిల్లల్ని అసలే దగ్గరికి రానివ్వకండి. మసి కాన్సర్ తెస్తుందని లండన్ సర్జన్ పెర్సివల్ పాట్ 1775లోనే రాశాడు, చిన్నప్పుడు చిమ్నీల్లోకి ఎక్కి దులిపిన పిల్లలు పెద్దయ్యాక ఏమయ్యారో చూసి. బూడిద తీసేటప్పుడు కూడా మంచి మాస్కు, గ్లవుజులు ఉండాలి. మా ఇంట్లో అవి మా వారి సైజువి. నేను కావాలనే అలా కొన్నాను.

మా ఇంటి ఏర్పాటు ఇది. రాత్రి మంట వేసినవాళ్ళు, బూడిద చల్లారాక దాన్ని తీసి గాజు తుడిచేదాకా మళ్ళీ వెయ్యడానికి లేదు. మా వారికీ అంతే, మా అబ్బాయికీ అంతే. మొదటి చలికాలం “ఇవాళ వద్దులే” అన్న రోజులు చాలా వచ్చాయి. కట్టెలు ఆదా అయ్యాయి. రెండో ఏడాదికి గాజు నల్లబడితే ఎందుకో మా వారే వెతకడం మొదలుపెట్టారు, రాత్రి మీట మూసేయడం మానేశారు. పచ్చి కట్టెలు అమ్మినవాడితో వాదించడానికి కూడా నా మీటరే పట్టుకెళ్ళారు. నేను ఏడాది పాటు నోటితో చెప్పినా వినని సంగతి, వారం రోజులు గుడ్డ పట్టుకుంటే వచ్చేసింది.

ఇక స్వీప్‌ని పిలిచే సంగతి. అక్టోబర్‌లో ఫోన్ చేస్తే క్రిస్మస్ దాకా ఖాళీ ఉండదు. సీజన్ అవగానే ఏప్రిల్‌లో చేయించేయండి. మే నెల వస్తే చిమ్నీ స్విఫ్ట్ పిట్టలు లోపల గూడు కడతాయి, టోపీ లేని చిమ్నీ అయితే మరీను. వాటిని కదపడానికి చట్టం ఒప్పుకోదు, అవి వలస వెళ్ళేదాకా ఆగాల్సిందే. పని జరిగేటప్పుడు మీరు దగ్గరుండండి. బ్యాఫిల్ విప్పి దాని పైన పడ్డ మసి తీశాడా చూడండి. పాత ఇల్లు కొన్నవాళ్ళైతే లైనర్ కొస దాకా ఉందా అని అడగండి. వెనకటి రోజుల్లో లైనర్ లేకుండానే ఇన్‌సర్ట్‌ని ఇటుకల గూట్లోకి తోసేసి వెళ్ళిపోయేవారు. అలాంటివి వెలిగించకముందే మార్పించాలి. లోపల తీసిన ఫొటోలు అడిగి తీసుకోండి, రసీదు దాచండి.

పోయిన ఏప్రిల్‌లో మా ఇంటికి వచ్చినతను పని అంతా అయ్యాక చేతులు తుడుచుకుంటూ, “మీ వారు ఉన్నారా? చిమ్నీ గురించి ఆయనతో రెండు మాటలు చెప్పాలి” అన్నాడు. ఆయన లోపల మీటింగులో ఉన్నారు, పిలిస్తే వచ్చేవారే. “ఇద్దరికీ చెప్పు, ముందు నాకు చెప్పు” అని కుర్చీ లాక్కుని కూర్చున్నాను.